బిగువే బలము

ప్రొద్దుటూరి బట్టల అంగళ్ళ ముంగిటను, జమ్మలమడుగు నేతగాండ్ర వీథులలోను, పులివెందుల అరటి, చీనీ తోటల దారులలోను, బరువులు మోయు సైకిళ్ళనుగూర్చి ఒక అభిప్రాయము వేదవాక్యమువలె చెల్లుచున్నది: చక్రము నిలువవలెనన్న లావుపాటి స్పోకులు వేయవలెను, అప్పటికిని విరిగినచో దోషము బరువుదే. ఈ మాట నిలువదని నా వాదము.

ఈ భ్రమకు మూలము మన ఎద్దులబండి. బండిచక్రమున కుండకును పూటీలకును నడుమ నిలిచిన కొయ్య ఆకులు స్తంభములవలె బరువును మోయును. అచ్చట లావే బలము. సైకిలుచక్రపు న్యాయము వేఱు. సన్నని ఉక్కుతీగ నొక్కినచో వంగును, లాగినచో పెద్ద భారమునకైన నోర్చును. కనుకనే స్పోకులన్నింటిని ముందే లాగి బిగింతురు. చక్రము నేలనానిన చోట ఆ బిగువు కొంత సడలుటయే బరువు మోయుట యనుట. అమెరికా ఇంజనీరు జాబ్స్ట్ బ్రాంట్ 1981లో ప్రకటించిన తన గ్రంథమున దీనిని లెక్కలతో నిరూపించెను.

28 అంగుళముల చక్రము కిలోమీటరునకు సుమారు 450 మార్లు తిరుగును. అన్ని మార్లును ప్రతి స్పోకు సడలి బిగియవలసినదే. బిగువు చాలని స్పోకు చుట్టుచుట్టునకు పూర్తిగా వదులై కదలి, హబ్బు అంచున వంపు తిరిగిన మెడయొద్ద అలసి, ఒకనాడు తటాలున తెగును. ఆనాటి మూటపై నింద మోపుదుము గాని, అంతకుముందు వేలకొలది చుట్లు సాగిన మన అలక్ష్యమును తలపము. లావు స్పోకు ఈ వ్యాధికి మందు కాజాలదు. అదే బిగువునకు తక్కువ సాగును గనుక, అది సన్నదానికంటె ముందే వదులగును.

మన పాత సైకిళ్ళలో ముందు 32, వెనుక 40 స్పోకులుండుట బరువెక్కువగా మోయు వెనుకచక్రమున భారమును పదుగురికి పంచుటకే. మలుపులలో ప్రక్కకు ఒరగజాలని మూడుచక్రముల రిక్షాకు అడ్డపు తోపు తప్పదు గనుక, దానికి గట్టి రిమ్ము కోరుటయు న్యాయమే. అయినను సమమైన బిగువు లేనిచో ఆ పంపకమును, ఆ గట్టితనమును రెండును వ్యర్థములే.

వంకరయున్న చోట మాత్రము స్పోకులను రిమ్మునకు బిగించు నిపుళ్ళు నాలుగు త్రిప్పి, రిమ్ము తిన్నగా తిరిగినదని సంతసించుట బెండు తీయుట కానేరదు. తిన్నగా తిరుగు చక్రమునందును కొన్ని స్పోకులు బండచాకిరి చేయుచుండ, కొన్ని సోమరులై యుండవచ్చును. క్రొత్తగా అల్లిన చక్రమును కొన్నాళ్ళు నడిపినపిదప మరల బిగింపింపవలెను. ఒక్క స్పోకు తెగినను ఆనాడే మార్పింపవలెను, లేనిచో దాని భారము ఇరుగుపొరుగు స్పోకులపై బడును.

కాబట్టి, క్రొత్త రిమ్ము కొనబోవు అన్నలారా, ముందు సైకిలును తలక్రిందులుగా నిలిపి, ఒకే ప్రక్కనున్న స్పోకులను ఒక్కొక్కటిగా మీటి వినుడు. మ్రోత భేదించినచో, రిమ్మునకై మూటగట్టిన డబ్బులో కొంత బెండు తీయువాని చేతిలో బెట్టుడు.