కొందేసా, దొరసాని, ప్రెసిడెంటమ్మ

స్పానిష్ నేర్పే పుస్తకాల్లో బిరుదుల పాఠం ఒకటి ఉంటుంది. దూకె - దుకెసా, మర్కేస్ - మర్కేసా, కొందే - కొందేసా. చిలకా గోరింకల్లా జంటలు జంటలుగా, పక్కపక్కనే. చూడ్డానికి ఎంత సమానత్వమో! ఇంతకీ కొందేసా అంటే ఎవరు? ఆ బిరుదుకి స్వయంగా హక్కుదారైన స్త్రీ కావచ్చు, కొందేని పెళ్ళాడిన స్త్రీ కావచ్చు. మాట ఆ తేడా చెప్పదు. అక్క ఉన్నా సరే, తమ్ముడు పుడితే బిరుదు తమ్ముడిదే అన్న నియమం 2006 అక్టోబరు నాటి చట్టం దాకా స్పెయిన్‌లో నడిచిందనీ చెప్పదు. సింహాసనం దగ్గర 1978 రాజ్యాంగం ఇప్పటికీ మగపిల్లవాడికే పెద్దపీట వేస్తోంది. 1953లో కయెతానా ఆల్బా దుకెసా అయిందంటే తండ్రికి ఆమె ఒక్కతే సంతానం కాబట్టి. ఆమెను పెళ్ళాడిన మగవాళ్ళు మాత్రం ఆ పెళ్ళితోనే లోకానికి దూకెలైపోయారు.

దొరల కూతుళ్ళకి బిరుదులొస్తే మనకేంటి అని కొందరు అభ్యుదయ మిత్రులు అడుగుతారు. నిజమే, ఆ ఇంట్లో అంట్లు తోమే మనిషికి ఒరిగేదేమీ లేదు. బిరుదుల మీద నాకూ మమకారం లేదు. నా తగాదా మాటతో.

మన మాటే చూద్దాం. దొర భార్య దొరసాని. ఆ 'సాని' ఒకప్పుడు స్వామిని, యజమానురాలు. అదే మాట ఒంటరిగా నిలబడేసరికి తిట్టయింది. మగవాడి పక్కన ఉన్నంతసేపే దానికి మర్యాద! 'రాణి' అంటే రాజు భార్య. అందుకే కాబోలు, రుద్రమ రాజ్యమేలుతూ శాసనాల్లో రుద్రదేవ మహారాజు అయింది. మార్కాపురానికి దగ్గర్లోని త్రిపురాంతకంలో 1290 నాటి అంబదేవుడి శాసనం ఉంది. ఆమె మీద తిరగబడ్డ ఆ సామంతుడు తన గెలుపులన్నీ రాతి మీద చెక్కించుకున్నాడు. అందుకోసం అతనికి పేరు మార్చుకోవాల్సిన అవసరం రాలేదు.

ఆ త్రిపురాంతకం నుంచి గిద్దలూరు దాకా ఏ ఊళ్ళోనైనా వినండి. ప్రెసిడెంటమ్మ అంటే సర్పంచ్ భార్య. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ తర్వాత రిజర్వేషన్‌తో ఆడవాళ్ళే సర్పంచులయ్యారు. వాళ్ళూ ప్రెసిడెంటమ్మలే. మరి ప్రెసిడెంటుగారెవరు? ఆమె మొగుడు! ఓట్లు పడింది ఆమెకి, దండ పడేది ఆయన మెడలో. బోరు చెడిపోయి ఖాళీ బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు కూడా ఆమెను దాటుకుని అరుగు మీదున్న ఆయన దగ్గరికే పోతారు. దళిత స్త్రీ సర్పంచ్ అయిన చోట ఆ 'అమ్మ' కూడా దక్కదు. 'ఏమే' అన్న పిలుపే. అక్కడ ప్రెసిడెంటు ఆమె మొగుడు కూడా కాదు, ఆమెను నిలబెట్టిన పెత్తందారు.

గౌరవంగానే కదా పిలుస్తున్నాం అంటారు. ఎవరికి గౌరవం? పదవికా, పుస్తెలకా?

ఈ భర్తల పెత్తనం మీద కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో ఒక కమిటీ వేసింది. కఠినమైన శిక్షలుండాలని ఆ కమిటీ చెప్పింది. మంచిదే. శిక్షలు వచ్చినప్పుడు వస్తాయి. ఈలోపు ఆమెను సర్పంచ్ అనండి, ఆయన్ని ఆయన పేరుతో పిలవండి. గ్రామసభలో ఆ కుర్చీలో ఆయన కూర్చుని కనిపిస్తే, 'సర్పంచ్ ఏరీ?' అని అందరికీ వినపడేలా అడగండి.