జగన్మోహిని పేరెత్తితే నవ్వెందుకు?

మన సంఘాల్లో ఒక అలవాటుంది. బ్యాంకులో పనిచేసేవాడు కంటబడితే చాలు, కోశాధికారిని చేసి కూర్చోబెడతారు. ఆ విధంగా హొసూరులో ఒక చిన్న తెలుగు సంఘం రసీదులు, వోచర్లు, టీ ఖర్చులు ఆరేళ్లుగా నా నెత్తిన ఉన్నాయి. నేను చదివింది బి.కాం. సాహిత్యం గురించి పెద్దమాటలు చెప్పే అర్హత నాకు లేదు. లెక్క తప్పితే మాత్రం పట్టుకోగలను. మనవాళ్ల లెక్క ఒకటి తప్పిందని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కిందటి ఉగాదికి సభ్యులందరికీ ఒక కాగితం పంచాం, మీకు బాగా నచ్చిన తెలుగు చిత్రం ఏదో రాయమని. తిరిగొచ్చినవాటిని నేనే విప్పాను. మాయాబజార్, మల్లీశ్వరి, శంకరాభరణం, మళ్లీ మాయాబజార్. నేను రాసింది శంకరాభరణం. అది అబద్ధం. గొప్ప చిత్రమే, కాదనను. కానీ జ్వరమొచ్చి సెలవు పెట్టిన రోజున గది తలుపేసుకుని నేను చూసేది విఠలాచార్య తీసిన జగన్మోహిని. అదీ కోడలికి వినపడకుండా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. యాభై దాటిన మనిషి, కోట్ల అప్పుల మీద సంతకం చేసే మనిషి, దయ్యం సినిమా దొంగచాటుగా చూడటమేమిటి?

నా దొంగతనం నాతో పోతే ఈ వ్యాసం అక్కరలేదు. ఉగాది సభ అయ్యాక ఒకామె మా బల్ల దగ్గరకు వచ్చింది. ఊరి బయట గులాబీ తోటల్లో పూలు కోసే మనిషి. "సార్, జగన్మోహిని బొమ్మ ఎయ్యండి. మా పిల్లోళ్లని తోలుకొస్తాను. ఈ సంగీతం బొమ్మకైతే వాళ్లు కూకోరు" అంది. బల్ల చుట్టూ ఉన్న పెద్దలు పకపకా నవ్వారు. ఒకాయన "ఇది తెలుగు సంఘమమ్మా, టెంటు కాదు" అన్నాడు. నేనూ నవ్వాను. ఆమె కూడా నవ్వుతున్నట్టు ముఖం పెట్టి వెళ్లిపోయింది. తరువాత మూడు కార్యక్రమాలు జరిగాయి. ఆమె రాలేదు, పిల్లలూ రాలేదు.

ఆ టెంటు సంగతే చెబుతాను. అప్పటి ధర్మపురి జిల్లాలో మా పల్లెకు రెండు మైళ్ల దూరంలో టూరింగు టాకీసు ఉండేది. నేల టిక్కెట్టు తీసుకుని, ముందువాడి తల అడ్డమొస్తే ఇసుక కుప్ప చేసుకుని దాని మీద కూర్చునేవాళ్లం. బందిపోటు, అగ్గిపిడుగు, జ్వాలాద్వీప రహస్యం మేము పుట్టకముందు వచ్చిన చిత్రాలు. అరిగిపోయిన ప్రింట్లతో మా దాకా వచ్చేసరికి పదీ పదిహేనేళ్లు పట్టింది. జగన్మోహిని 1978లో వచ్చింది. ఆ దయ్యం కట్టెల బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంటే మా అవ్వ నా కళ్లు మూసి, తను మాత్రం రెప్ప వేయకుండా చూసింది.

ఇంట్లో మేం మాట్లాడేది సగం తమిళం, పావు కన్నడం కలిసిన తెలుగు. బడిలో తెలుగు నాకు అయిదో తరగతితో సరి. మరి శపథం, ఖడ్గం, శాపవిమోచనం, మాంత్రికాధముడు, ఈ మాటలన్నీ నాకెక్కడివి? తుమ్మ బరికె చేతబట్టి, నేను కాంతారావు, ఎదురింటివాడు రాజనాల, ఇద్దరం మడికట్టు మీద నిలబడి తప్పుల్లేని తెలుగులో తిట్టుకునేవాళ్లం. అంత చక్కని తెలుగు ఆ తరువాత ఎవరితోనూ మాట్లాడినట్టు గుర్తులేదు. మా అవ్వకు అక్షరం రాదు. ఆమె విన్న ఇంటి బయటి తెలుగు యావత్తూ హరికథ, ఆ తరువాత విఠలాచార్య.

ఇంతకీ ఆ విఠలాచార్య ఎవరు? 1920లో ఉడుపిలో పుట్టిన మనిషి. మొదట కన్నడ చిత్రాలు తీసి, మద్రాసు చేరి, తెలుగులో జానపదబ్రహ్మ అనిపించుకుని 1999లో పోయారు. పుట్టుకతో తెలుగువాడు కాని ఆయన మనకింత చేస్తే, ఆయన పేరు చెప్పడానికి మనకు మొహమాటం.

మరి పాతాళభైరవి సంగతేమిటి? అందులోనూ మాంత్రికుడే, బలి ఇవ్వబోవడమే, కోరింది ఇచ్చే బొమ్మే. మాయాబజార్లో లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడితే అది కళ, జగన్మోహినిలో దయ్యం చేస్తే అది చవకబారు. తేడా లేదని నేననను. కె.వి.రెడ్డి కథ అల్లిక వేరు, మార్కస్ బార్ట్లీ కెమెరా వేరు. అయితే పెట్టుబడిలో కూడా తేడా ఉంది కదా! విఠలాచార్య తక్కువ డబ్బుతో, తక్కువ రోజుల్లో, వేసిన సెట్టునే మళ్లీ మళ్లీ వాడి తీసేవారు. అలిగి షూటింగుకు రాని నటుణ్ణి కథలో శాపం పెట్టి మేకగానో చిలకగానో మార్చేసేవారని సినిమావాళ్లు చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, వ్యయ నియంత్రణ గురించి మా శిక్షణ తరగతుల్లో ఇంతకన్నా మంచి ఉదాహరణ నేను వినలేదు.

మూఢనమ్మకాలు పెంచుతాయంటారు. ఆ చిత్రాల్లో మాంత్రికుడు ఎప్పుడైనా గెలిచాడా? చివరికి చచ్చేది వాడే. అది చూసి మా ఊళ్లో ఎవడూ క్షుద్రపూజకు కూర్చోలేదు. నృత్యాల విషయంలో మాత్రం వాదించను. కొన్ని పాటలు పిల్లలతో చూసేవి కావు, కత్తిరించి వేసుకోవచ్చు. తమిళులు చూడండి, జగన్మోహినిని డబ్బింగులో ఆదరించి, 2009లో నమితను పెట్టి మళ్లీ తీసుకున్నారు కూడా. వాళ్లకు లేని సిగ్గు మనకెందుకు?

తమిళనాట 2006లో తమిళం నిర్బంధం చేస్తూ చట్టం వచ్చినప్పటి నుంచీ తెలుగు బడి గురించి వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నాం. ఇవ్వాలి. కానీ ఆ పత్రంలో 'ఇక్కడి లక్షలాది తెలుగువారు' అని రాసేటప్పుడు లెక్కలోకి తెచ్చుకునేది గులాబీ తోటల ఆమెనే, మేస్త్రీలనే, ఆటోవాళ్లనే. జనం కావలసినప్పుడు వాళ్లు తెలుగువాళ్లు, బొమ్మ అడిగినప్పుడు నవ్వులాట. మా ఆడిట్లో ఇలాంటిది దొరికితే ఊరుకోరు.

నా పుస్తకంలో ఒక పద్దు ఉంది. మొన్న ఒక పురస్కార చిత్రం వేసిన సాయంత్రం మొదట్లో ఇచ్చిన టీలు అరవై రెండు. విశ్రాంతి తరువాత ఇచ్చినవి పందొమ్మిది. ఆ పందొమ్మిది మందిలో నాకంటే చిన్నవాడు ఒక్కడే, అతను ప్రొజెక్టరు కుర్రాడు. ఈ కాగితం కార్యవర్గం ముందు పెడితే "జనం అభిరుచి దిగజారింది" అన్నారు. జనం వెళ్లిపోయారంటే అది జనం తప్పేనట! ఖాతాదారులు పక్క బ్యాంకుకు పోతే మేనేజరు ఈ మాట పైఅధికారికి చెప్పి చూడమనండి.

వచ్చే సమావేశానికి జగన్మోహిని వెయ్యాలని ప్రతిపాదన రాసి ఇచ్చాను, కింద నా పేరుతో. నా ఉగాది కాగితం వెనక్కి తీసుకుని, శంకరాభరణం కొట్టివేసి, దిద్దుబాటు దగ్గర పొట్టి సంతకం కూడా చేశాను. నవ్వేవాళ్లు నవ్వవచ్చు, మినిట్సులో రాసుకోవచ్చు. టీలు నూటయాభై చెప్పాను. ఆ ఆదివారం లోపల గులాబీ తోటల వైపు వెళ్లి ఆమె ఇల్లెక్కడో కనుక్కోవాలి. పేరు కూడా అడగలేదు ఆ రోజు.