బాలల చేతిపనులు: కొలువులో చిన్నవారి మెట్టు



మూడేండ్ల బిడ్డ వంటయింట కూర్చున్నచో ఊరకుండదు. డబ్బా మూత తీయును, పెట్టును, మరల తీయును. పిండిలో వ్రేలు ముంచి నేలపై గీతలు గీయును. తల్లి చపాతీలు వత్తుచుండగా తనకును ఒక ముద్ద కావలెనని పేచీ పెట్టును. దీనిని మనము అల్లరి యందుము. నిజమునకు అది చేతి యాకలి. కడుపున కాకలియైనప్పుడు అన్నము పెట్టుదుము గదా! చేతి కాకలియైనప్పుడు పని పెట్టవలెను.

గత మాసమున ఈ శీర్షికలో కాగితపు పడవలను గురించి ముచ్చటించితిమి. సంక్రాంతి సమీపించుచున్నది. తెలుగునాట కొందరు దసరాకును, కొందరు సంక్రాంతికిని బొమ్మల కొలువు తీర్తురు. కావున ఆ కొలువునకు పనికివచ్చు చిన్నపనులు నాలుగు ఈ మాసమున చెప్పబూనితిమి. ఇవి మూడేండ్లు మొదలు ఎనిమిదేండ్ల వరకు గల పిల్లలకు తగినవి. కావలసిన వస్తువులలో చాలవరకు మన వంటయింటను, పెరటిలోను దొరకును.

పనులు చెప్పుటకు ముందు తల్లులతో ఒక మాట. నేడు బడిలో పిల్లలను ఏదైన బొమ్మ చేసి తెమ్మందురు. ఆ ముందటి రాత్రి తల్లి అంగడినుండి రంగు కాగితములును, జిగురును తెప్పించి, నిద్ర మాని, చక్కని యిల్లొకటి కట్టును. బిడ్డ నిద్రించుచుండును. ఉదయమున ఆ యింటిని బిడ్డ చేతికిచ్చి పంపుదుము. బడిలో మెప్పు వచ్చును. ఆ మెప్పు ఎవరిదో బిడ్డకు తెలియదా? బాగుగా తెలియును. అంతకంటె ముఖ్యమైన మరియొక సంగతియు తెలియును: నా చేతి పని నలుగురిలో చూపదగినది కాదని. ఈ యొక్క పాఠము నేర్చిన బిడ్డ మరుసటి సారి పని యనగానే "నాకు రాదు, నీవు చేయుము" అని కాగితమును తల్లి వైపునకు త్రోయును. అప్పుడు మనము బిడ్డకు శ్రద్ధ లేదని విచారింతుము!

డాక్టరు మరియా మాంటిస్సోరీ 1907వ సంవత్సరమున రోమునగరమందలి పేదల పేటలో తన తొలి శిశుగృహమును తెరచినది. 1939లో ఆమె చెన్నపట్టణమునకు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ మొసగినది. నాడు మన సర్కారు జిల్లాలకును, రాయలసీమకును చెన్నపట్టణమే రాజధాని. బిడ్డ తాను చేయగలనని పూనుకొన్న పనిలో పెద్దలు చేయిపెట్టరాదన్నది ఆమె బోధలలో ముఖ్యమైనది. కావున ఈ పనులలో తల్లి చేయవలసినవి మూడే: వస్తువులు అమర్చుట, ఒకసారి మెల్లగ చేసి చూపుట, పిమ్మట చేతులు ముడుచుకొని ప్రక్కన కూర్చుండుట. మూడవదియే కష్టము.

1. పిండిముద్ద బొమ్మలు (మూడేండ్లు నిండినవారికి)

చెరువుమట్టి దొరకు గ్రామములలో దానికి మించినది లేదు. రాళ్లును, వేళ్లును ఏరివేసి, తడిపి, చపాతిపిండివలె మర్దించిన చాలును. పట్టణములందు మట్టి దొరకనివారు 2 గిన్నెల గోధుమపిండిలో 1 గిన్నె మెత్తని ఉప్పు కలిపి, సుమారు 1 గిన్నెడు నీటిని కొద్దికొద్దిగ పోయుచు, చేతి కంటనంతవరకు పిసుకవలెను. పచ్చని ముద్ద కావలెనన్న చిటికెడు పసుపు చేర్పవచ్చును. ఈ ముద్ద మిక్కిలి ఉప్పన గనుక బిడ్డ తినకుండ చూచుకొనవలెను.

తొలిదినమున ఇది చేయుము, అది చేయుమని చెప్పవలదు. బిడ్డ మొదట గుండ్రముగ చుట్టును, పిదప పాము చేయును, పామును చుట్ట చుట్టి గంప యనును. పక్షియు, ఏనుగును తరువాత తమంతట వచ్చును. బొమ్మ వ్రేలి మందమునకు మించిన ఎండునప్పుడు బీటలు వారును. నీడను రెండు మూడు దినము లారబెట్టి, పిమ్మట ఎండకు పెట్టవలెను.

ఇచట ఒక హెచ్చరిక. మట్టి వినాయకునికి కన్నులుగ గురిగింజలు గ్రుచ్చుట మన యిండ్లలో ఆచారము. చూపునకు అందముగ నుండు ఆ గింజ లోపల విషము కలదు. గింజను నమిలినను, అది పగిలి లోనికి పోయినను ప్రాణాపాయము. ఆముదపు గింజయు అట్టిదే. పసిపిల్లలున్న యింట ఈ రెంటిని ఆటవస్తువులలో చేర్పరాదు. కన్నులకు చీపురుపుల్లతో రెండు గుంటలు పెట్టించిన చాలును. మూడేండ్లు నిండని బిడ్డ చేతికి శనగ, బటాణి వంటి గింజలను గూడ ఈయరాదు. ముక్కులోనికో, గొంతులోనికో పోవచ్చును.

2. బెండకాయ ముద్రలు (నాలుగేండ్ల వారికి)

ముదిరి కూరకు పనికిరాని బెండకాయలను పారవేయకుడు. తొడిమవైపు రెండంగుళములు ఉండునట్లు తల్లి అడ్డముగ కోసి యిచ్చినయెడల, కోసిన ముఖము రేకుల పువ్వువలె నుండును. తొడిమయే పిడి. ఉల్లిపాయను అడ్డముగ కోసిన ఒకదానిలో నొకటి వలయము లగపడును. తోటకూర కట్ట మొదలు, కాకరకాయ ముక్క, అరటిదవ్వ, ఇవి యన్నియు ఒక్కొక్కటి ఒక్కొక్క ముద్ర నిచ్చును.

రంగునకు గంజి ఆధారము. చిక్కని గంజిలో పసుపు కలిపిన పచ్చరంగు. బీటుదుంప తురిమి పిండిన రసము కలిపిన గులాబి. పాలకూర నూరి వడగట్టిన ఆకుపచ్చ. బొగ్గుపొడి కలిపిన నలుపు. ఒక్కొక్క రంగులో చిన్న గుడ్డను తడిపి పళ్లెరములో పరచి, దానిపై ముద్రను అద్ది కాగితముపై నొత్తవలెను. రంగులో నేరుగ ముంచినయెడల కారి అలుక్కుపోవును. ఈ రంగులు ఎండ తగిలినచో వెలిసిపోవును గనుక కాగితములను నీడనే ఆరవేయవలెను. పొడవుగ నతికించిన కాగితములపై ఇట్లు ముద్రలొత్తించి కొలువు మెట్ల అంచులకు కట్టవచ్చును.

3. పసుపు కాగితపు వింత (ఆరేండ్ల వారికి)

పసుపులో సున్నపునీరు కలిపిన ఎఱ్ఱని పారాణి యగునని మన కందరకును తెలియును. ఆ వింతనే బిడ్డ చేతికీయవచ్చును. సున్నము చర్మమును, కంటిని కాల్చును గనుక పిల్లల చేతికి సున్నము వలదు. సబ్బునీరు చాలును.

రెండు చెంచాల పసుపును కొద్ది నీటితో పలుచని ముద్దచేసి, తెల్లకాగితమునకు దూదితో సమముగ పూసి ఆరనీయవలెను. ఆరిన పసుపు కాగితముపై చీపురుపుల్లకు దూది చుట్టి, సబ్బునీటిలో ముంచి గీసినయెడల గీసినచోటనెల్ల ఎఱ్ఱని గీత పుట్టును. ఆ గీతపై నిమ్మరసపు చుక్క వేసిన మరల పచ్చనగును. ఇట్లు ఏలయని బిడ్డ అడుగక మానదు. క్షారము తగిలిన పసుపు ఎఱ్ఱబడును, పులుసు తగిలిన తిరిగి పచ్చబడును అని చెప్పుడు. తరువాత పెరటిలోని ఎఱ్ఱమందార రేకును తెల్లకాగితముపై రుద్దించి, ఒకవైపు నిమ్మరసమును, మరియొకవైపు సబ్బునీటిని వేసి చూడుమనుడు. నిమ్మరసము తగిలినచోట ముదురు గులాబియు, సబ్బునీరు తగిలినచోట ఆకుపచ్చయు కానవచ్చును. పెద్దతరగతులలో చదువబోవు రసాయనశాస్త్రమునకు ఇది తొలిమెట్టు.

పూవులను పిల్లలే ఏరుకొన్నను, గన్నేరు, ఉమ్మెత్త మాత్రము ముట్టనీయకుడు. రెండును విషపు మొక్కలు.

4. కాగితపు గుజ్జు గిన్నె (ఏడెనిమిదేండ్ల వారికి)

మన అవ్వలు పాతకాగితములతో తట్టలు చేసికొనెడివారు. ఆ పద్ధతి నేటికిని చక్కగ పనికివచ్చును. నాలుగు దినపత్రికలను పిల్లలచేత చింపించుడు. ఇందులో పిల్లల కుండు ఆనందము ఇంతింత యనరాదు. చింపిన ముక్కలను రెండు దినములు నీట నానవేసి, పిండి, ముందురాత్రి నానిన గుప్పెడు మెంతులతో కలిపి రోటిలో మెత్తగ రుబ్బవలెను. రోలు లేనివారు మిక్సీలో కొంచెము కొంచెముగ వేయవచ్చును. మెంతుల జిగురు కాగితమును పట్టియుంచును.

బోర్లించిన గిన్నెకు తడిగుడ్డ చుట్టి, దానిపై గుజ్జును వ్రేలి మందమున పిల్లలచేత అద్దించుడు. మూడు నాలుగు దినములు ఎండిన పిదప గిన్నెను జారదీసి, గుడ్డ నొలిచినయెడల తేలికయైన కాగితపు గిన్నె మిగులును. కొలువులో పూలు, గవ్వలు పెట్టుకొనవచ్చును. అచ్చుసిరా కలిసిన కాగితము గనుక అందులో పప్పుబెల్లములు మాత్రము పెట్టరాదు.

ఇదే గుజ్జుతో చేసిన బొమ్మకు చేయి విరిగినచో చింతగింజలు ఆదుకొనును. కొండపల్లి పనివారు తెల్లపొణికి కఱ్ఱలో అవయవములను వేరువేరుగ చెక్కి, చింతగింజల పొడియు, రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికింతురు. వేయించి పొట్టుతీసిన చింతగింజలను నానబెట్టి, రుబ్బి, నీటితో ఉడికించిన మంచి జిగురు వచ్చును. పొయ్యిపని తల్లిది, అతికించు పని బిడ్డది.

అంగడి రంగులు ఏల వలదంటిమో చెప్పెదము. పసివారి వ్రేళ్లు నోటిలోనికి పోక మానవు. కొన్ని రంగులలో సీసము కలియుచుండెడిది. అది పిల్లల మెదడునకు కీడు. గృహములకు వాడు రంగులలో పదిలక్షల పాళ్లకు 90 పాళ్లను మించి సీసము ఉండరాదని మన ప్రభుత్వము 2016లో నిబంధన చేసినది. అంతకు ముందటి పాత డబ్బాలు అటుకపై మిగిలియున్న వానిని బొమ్మలకు పూయకుడు. ప్రకృతిరంగులు నాసియని తలపవలదు. అనకాపల్లి జిల్లాలో, వరాహనది యొడ్డునగల ఏటికొప్పాకలో, అంకుడు కఱ్ఱబొమ్మలకు లక్కలో ఆకులు, గింజలు, దుంపల రంగులు కలిపి పూయుదురు. ఆ రంగులను మరల వాడుకలోనికి తెచ్చుటకు కృషిచేసిన సి. వి. రాజుగారిని 2023లో పద్మశ్రీ వరించినది.

ఇక పని ముగిసిన పిదప తల్లి నోట రావలసిన మాటను గురించి. బిడ్డ ఏనుగు అని తెచ్చినదానికి తొండము లేదనుకొనుడు. "తొండమేది?" అనకుడు. "దీని సంగతి చెప్పుము" అనుడు. అది నిద్రించుచున్నదనియో, తొండము కడుపు క్రింద దాచుకొన్నదనియో బిడ్డ చెప్పును. మనము మంచిదని రెండవసారి సరిదిద్దిన తొండము మన తొండమగును; ఏనుగును మనదే యగును. అదేపనిగ పొగడుటయు అక్కరలేదు. "ఈ చెవిని చాలసేపు ఒత్తితివి గదా" యని చూచిన దానిని చూచినట్లు చెప్పినయెడల, అమ్మ నిజముగ చూచినదని బిడ్డ గ్రహించును. పొగడ్తకంటె అది ఎక్కువ.

కొలువు తీర్చునప్పుడు ఈ బొమ్మలను ఎక్కడ పెట్టవలెను? కొందరు కొనితెచ్చిన బొమ్మలన్నియు అమర్చి, పిల్లలవానిని మూల దాచుదురు. పేరంటమునకు వచ్చినవారు నవ్వుదురేమో యని జంకు. ఈ సంవత్సరము ఒక మెట్టును పిల్లల కిచ్చి చూడుడు. క్రిందిమెట్టైన మంచిది, వారి చేతి కందును. ఎవరి బొమ్మ ఎక్కడ నుండవలెనో వారే తేల్చుకొందురు. అన్న చేసిన గిన్నె సొట్టగ నున్నను, చెల్లెలి పాము పామువలె లేకున్నను, అట్లే యుండనీయుడు. వచ్చిన ముత్తైదువులకు మీరు చూపవలదు. పిల్లలే చేయిపట్టి తీసికొనిపోయి చూపుదురు.

తాతల నాటి చెక్కబొమ్మలు మనము తిరిగి చేయలేము. అవి భద్రముగ పెట్టెలో నుండవలసినవే. మట్టిబొమ్మ విరిగినను నష్టము లేదు, వచ్చే యేటికి బిడ్డ మరియొకటి చేయును. అది ఈ యేటిదానికంటె కొంచెము తీరుగ నుండును. ప్రతి సంవత్సరపు బొమ్మ నొకదానిని, వెనుక తేదియు, బిడ్డ వయస్సును వ్రాసి దాచియుంచుడు. పదేండ్లు గడచునప్పటికి ఆ వరుసయే ఒక కొలువగును.

వచ్చు మాసమున కొబ్బరాకుతో గిలకలు, బూరలు, చిలుకలు చేయు విధమును వ్రాసెదము. ఈనెలు తీయకుండ నాలుగు ఆకులు ముందుగ సిద్ధపరచుకొనుడు.