ఉద్దానపు వైద్యమున రోగికి చోటెక్కడ?

ఉద్దానపు మూత్రపిండ వ్యాధిని గూర్చి వ్రాయుట మాకు క్రొత్త కాదు. చదువుట పాఠకులకును క్రొత్త కాదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలములలో కొబ్బరి, జీడితోటల నడుమ బ్రదుకు కష్టజీవులకు మధుమేహమైనను లేకయే కిడ్నీలు చెడుచున్నవి. హేతువు నేటికిని నిశ్చయముగా తేలలేదు.

ప్రభుత్వమేమియు చేయలేదనుట అన్యాయమగును. 2019లో డయాలిసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఏర్పడినది. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆస్పత్రియు, పరిశోధన కేంద్రమును, హిరమండలము జలాశయమునుండి త్రాగునీరు దెచ్చు పథకమును ప్రారంభమైనవి. ఇవి స్వల్పములు కావు. అయితే వీని నడపుటలో రోగి నెవరైన సంప్రదించుచున్నారా యన్నదే మా ప్రశ్న.

భావనపాడు తీరమునందలి యొక రోగి సంగతి యూహింపుడు. వారమునకు మూడు దినములు, దినమునకు నాలుగు గంటలు యంత్రమువద్ద పరుండవలెను. టెక్కలికో పలాసకో పోవలెను. ఒంటరిగా పోజాలడు, వెంట భార్యయో కొడుకో పోవలెను. వారి కూలియు నాడు లేనట్లే. యంత్రము ఖాళీయగు వేళ ఆస్పత్రి యెరుగును. బస్సు వేళ రోగి యెరుగును. ఈ రెండెరుకలును ఒకచోట కలియకున్న విడత తప్పును. ఒక విడత తప్పిన ఒంట నీరు చేరును. మరియొకటి తప్పిన ఊపిరి సలుపదు, గుండెయే ఆగవచ్చును.

వ్యాధిహేతువు నన్వేషించువారికిని రోగియే గ్రంథము. ఏ నూతినీరు ఎన్నేండ్లు త్రాగెనో, ఏ తోటలో ఏ పురుగుమందు చల్లెనో, ఒంటినొప్పులకు ఏ మాత్ర మ్రింగెనో యతనికే తెలియును. నెత్తురును నీటిని పరీక్షకు గొనిపోవువారు, తేలినదానిని, తేలకున్న ఆ మాటనే, ఊరికి తెలుపుట విధి.

చదువురాని రోగికి వైద్యశాస్త్రమేమి తెలియునని కొందరందురు. మందు మోతాదు నిర్ణయింపుమని యతని నెవరును కోరలేదు. కాలువకు తూము వేయునపుడు ఆయకట్టు రైతు నడుగనిచో, భూస్వాములైన మన పాఠకులు ఊరకుందురా? ఇదియు నట్టిదే. వైద్యమును యోజించుటలోను నడపుటలోను పాల్గొనుట ప్రజల హక్కనియు విధియనియు 1978లో ఆల్మా ఆటా సభయందు దేశములన్నియు నంగీకరించినవి. 2005లో మనదేశమున ఆరంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను ఆస్పత్రులకు రోగి కల్యాణ సమితుల నేర్పరచినది. సమితి పేరున నున్న రోగి సభ్యుల పట్టికయందును ఉండవలదా?

ఉద్దానపు డయాలిసిస్ కేంద్రములన్నిటను సమితి కూడునపుడు ఇద్దరు రోగులు, అందొకరు స్త్రీ, కూర్చుండవలెను. విడతల వేళలు వారి సమక్షముననే నిర్ణయము గావలెను. నీటిపరీక్షల ఫలితములు తేటతెలుగున పంచాయతీ గోడపై వ్రాయవలెను. ఇక తమ తోటకూలీ డయాలిసిస్‌కు పోవు దినమున కూలి కోసివేయు ఆసాములు ఈ మాటలను తమతోను ఆడితిమని గ్రహింతురుగాక.