బీదర్ గద్దె: పెద్దకొడుక్కా, సమర్థుడికా?

నారాయణఖేడ్ నుంచి మంజీర దాటి పడమటికి పోతే బీదర్ వస్తుంది. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ కలిసి వినిపించే ఈ సరిహద్దు నేలను దాదాపు నూరేళ్లు బహమనీ సుల్తానులు ఆ కోటలోంచే ఏలారు. ఆ నూరేళ్లలో మళ్లీ మళ్లీ తలెత్తిన తగవు ఒకటుంది. సుల్తాను పోతే గద్దె పెద్దకొడుక్కి దక్కాలా, వంశంలో సమర్థుడెవరో వాడికి దక్కాలా? రెండు పక్షాలకూ బీదర్ చరిత్రలోనే గట్టి సాక్ష్యం దొరుకుతుంది.

ముందు సమర్థుడి పక్షం. పానగల్లు ముట్టడిలో దెబ్బతిన్న సుల్తాను ఫిరోజ్‌షా తన కొడుకు హసన్‌ఖాన్‌కు పట్టం కట్టాలనుకున్నాడు. కొడుకును దీవించమని అడిగితే గుల్బర్గా సూఫీ గురువు గేసూదరాజ్ ఒప్పుకోలేదని, రాజ్యం తమ్ముడు అహ్మద్‌కు రాసిపెట్టి ఉందన్నాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. అడ్డు తొలగించుకోవాలని దర్బారు చూసినా అహ్మద్ ప్రాణాలతో బయటపడి, సేన కూర్చుకుని అన్న సైన్యాన్ని ఓడించాడు. 1422లో మంచాన పడ్డ ఫిరోజ్ తమ్ముడికే రాజ్యం అప్పగించాడు. జరిగింది తిరుగుబాటే. అయినా ఫలితం కాదనలేనిది. రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు మార్చింది అహ్మదే. అష్టూరులో ఆయన సమాధికి ఇవాళ్టికీ హిందువులూ ముస్లింలూ కలిసి వస్తారు. హసన్‌ఖాన్ గద్దెనెక్కి ఉంటే ఇంతటి పాలన చూసేవాళ్లమని నేననుకోను.

కానీ ఆ గెలుపు రాజకుటుంబానికి ఒక పాఠం నేర్పింది: బలం ఉంటే గద్దె అడగవచ్చు. 1436లో అహ్మద్ కొడుకు అల్లావుద్దీన్ సుల్తాను కాగానే, కొద్దికాలానికే తమ్ముడు మహమ్మద్ రాజ్యంలో వాటా అడిగి కత్తి దూశాడు. అన్న అతన్ని ఓడించాడు, క్షమించాడు, రాయచూరు ఇచ్చి పంపాడు. అన్నదమ్ములు పొలం పంచుకుంటే గట్లు పెరుగుతాయి గాని పంట పెరగదని రైతుకు తెలుసు. రాజ్యాన్ని చీల్చకుండా తమ్ముణ్ణి మన్నించడంలో అల్లావుద్దీన్ చూపిన నిగ్రహం ఆ వంశంలో అరుదు.

వాటాల దారి ఎటు పోతుందో జర్మన్ సంస్థానాలు చూపించాయి. 1247లో తురింగియా ప్రభువు హైన్రిష్ రాస్పే సంతానం లేకుండా పోయాడు. అన్న కూతురు సోఫీ తన పసికొడుకు కోసం, మైసెన్ ప్రభువు తన తల్లి పుట్టింటి హక్కు కింద, ఇద్దరూ పట్టుబట్టారు. 1264 దాకా యుద్ధం సాగింది. చివరికి తురింగియా ఒకరికి, హెస్సె మరొకరికి పోయాయి. 1356లో చక్రవర్తి నాలుగో చార్లెస్ ‘సువర్ణ శాసనం’ చక్రవర్తిని ఎన్నుకునే ప్రభువుల రాజ్యాలను చీల్చరాదని, పెద్దకొడుక్కే దక్కాలని కట్టడి చేసింది. ఎవరు వారసుడో ముందే తెలిస్తే కత్తులు ఒరల్లో ఉంటాయన్నది ఆ పక్షం బలం.

ఆ పక్షానికి బీదర్‌లో ఎదురయ్యే పేరు హుమాయూన్. 1458లో అల్లావుద్దీన్ పోయాడు. పెద్దకొడుకుగా హుమాయూన్‌నే ఆయన వారసుడన్నాడు. కొందరు ఉమరావులు భయపడి తమ్ముడు హసన్‌ను కూర్చోబెట్టారు. హుమాయూన్ గద్దె లాక్కున్నాడు. తర్వాత హసన్ పేరు మీద మళ్లీ తిరుగుబాటు లేస్తే అతన్ని పులికి వేయించాడని చెబుతారు. ‘జాలిం’ అన్న పేరు అలా నిలిచింది. ఫెరిష్తా రాసింది సుమారు 150 ఏళ్ల తర్వాత. ఆ క్రూరత్వాన్ని పెంచి చెప్పారని చరిత్రకారుడు హెచ్.కె. షేర్వాణీ వాదించారు. అందులో సగమే నిజమనుకున్నా, వరుస తప్పకపోతే చాలు మంచి రాజు వస్తాడన్న మాట నిలవదు.

1461లో హుమాయూన్ పోతే అదే వరుస ఎనిమిదేళ్ల నిజాంషాను గద్దెనెక్కించింది. పిల్లవాడని చూసి ఒడిశా గజపతులు తెలంగాణ మీదుగా దండెత్తారు, మాళవ సుల్తాను బీదర్ నగరంలోకే చొరబడ్డాడు. రాజ్యం అప్పుడే పోవలసింది. రాజమాత, మంత్రులు ఖ్వాజా జహాన్, మహమూద్ గవాన్ ముగ్గురూ కలిసి నిలబెట్టారు. గుజరాత్ సుల్తాను సాయం తెచ్చారు. 1463లో నిజాంషా పోతే, అతని తమ్ముడు, ఆ పిల్లవాడూ మైనరే, సుల్తాను అయ్యాడు. ఈసారి వారసత్వ యుద్ధం జరగలేదు. ముగ్గురి పొత్తు మచ్చలేనిదేం కాదు, ఖ్వాజా జహాన్‌ను దర్బారులోనే చంపించారు. అయినా ఆ తర్వాతి గవాన్ మంత్రిత్వంలోనే రాజ్యం రెండు తీరాలనూ అందుకుంది, 1472లో బీదర్ మదర్సా లేచింది.

అందుకే నా మొగ్గు పెద్దకొడుకు వరుసవైపే, ఒక షరతు మీద. వారసుణ్ణి పుట్టుక నిర్ణయించినా, పాలనను సమర్థుల సభ మోయాలి, ఆ సభను సుల్తాను కూడా తోసిపుచ్చలేకుండా ఉండాలి. బీదర్‌లో ఆ సభకు కట్టడి ఏదీ లేదు, ఉన్నది రాజమాత పట్టుదల, గవాన్ తెలివి మాత్రమే. 1481లో దొంగ ఉత్తరం నమ్మి సుల్తాను గవాన్ తల తీయించాడు. మరుసటి ఏడు తనూ పోయాడు. పన్నెండేళ్ల కొడుకు మహమూద్ తగవు లేకుండా వారసుడయ్యాడు, 1518 దాకా సుల్తాను అనిపించుకున్నాడు. అధికారం మాత్రం మంత్రులైన బరీదుల చేతికి పోయింది. బీజాపూర్, అహ్మద్‌నగర్, బీరార్ సుబేదార్లు ఎవరి జెండా వాళ్లు ఎత్తారు, తెలంగాణ గోల్కొండ కులీ కుతుబ్ చేతిలో మిగిలింది.