యూరియా వేసే ముందు ఆకు తొడిమను అడుగుదాం

పత్తి చేను కొంచెం పసుపెక్కిందంటే మనకు ముందు గుర్తొచ్చేది యూరియా బస్తా. షాపుకు పోయి ఆకు ఎర్రబడుతోందన్నా అదే బస్తా ఇస్తారు, ఎదుగుదల లేదన్నా అదే బస్తా ఇస్తారు. పక్క చేనులో రెండో దఫా పడిందని తెలిస్తే మన చేనులోనూ పడాల్సిందే. 2025 వానాకాలంలో ఆ బస్తా కోసమే చెప్పులు లైన్లో పెట్టి ఎదురుచూశాం. అంత కష్టపడి తెచ్చుకున్న బస్తా ఆ వారం ఆ చేనుకు అవసరమా కాదా అని చెప్పినవాళ్లు మాత్రం లేరు.

భూసార కార్డు ఉంది కదా అంటారు అధికారులు. 2015లో మొదలైన ఆ పథకంలో వర్షాధార భూమికి 10 హెక్టార్లకు, అంటే 25 ఎకరాలకు ఒక మట్టి నమూనా చొప్పున పెట్టారు. ఆ 25 ఎకరాల్లో రేగడి ఉంటుంది, చెల్కా ఉంటుంది. మూడెకరాల రైతు చేతిలో ఉన్న కార్డు ఎవరి మట్టిదో ఎవరికి తెలుసు? పైగా నత్రజని భాస్వరంలా ఒకచోట నిలిచేది కాదు. పెద్ద వాన పడితే అడుక్కి దిగిపోతుంది, నీరు నిలిస్తే గాలిలో కలుస్తుంది. ఎండాకాలంలో తీసిన మట్టి, ఆగస్టులో మొక్క ఏం తిన్నదో చెప్పలేదు.

అది చెప్పేది ఆకు తొడిమ. అమెరికాలో పత్తి రైతులు ఈ పరీక్షను చాలా ఏళ్లుగా వాడుతున్నారు. పూత మొదలయ్యే రోజుల్లో, పైనుంచి నాలుగో ఐదో ఆకును, అంటే పూర్తిగా విచ్చుకున్న లేత ఆకును, చేనంతా తిరిగి ఇరవై ముప్పై మొక్కల నుంచి తీస్తారు. ఆకును అక్కడికక్కడే తుంచేసి తొడిమలను మాత్రం కాగితపు సంచిలో వేసి ల్యాబుకు పంపుతారు. అందులో నైట్రేటు ఎంతుందో చూస్తారు. కాయ పట్టేకొద్దీ అది తగ్గడం సహజమే. అందుకే ఒక్కసారి చూస్తే చాలదు, వారం వారం చూసి ఎంత వేగంగా పడిపోతోందో గమనించాలి. బెట్ట ఉన్నప్పుడు వచ్చే అంకెను ఒక్కదాన్నే నమ్మకూడదు.

మనకు దీని అవసరం ఎందుకంటే, చేను రంగు మారిన ప్రతిసారీ కారణం నత్రజని కాదు. ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం ఎర్రబడితే మెగ్నీషియం లోపం కావచ్చు. నీరు నిలిచిన రేగడిలో వేరు ఊపిరాడక మొక్క పసుపెక్కుతుంది. అక్కడ ముందు నీరు తీసేసి, లీటరుకు 20 గ్రాముల యూరియా కలిపి ఆకు మీద పిచికారీ చేయాలి గానీ బురదలో బస్తా గుమ్మరిస్తే దండగ. ఎక్కువైతే ఇంకా చేటు. చేను గుబురుగా పెరుగుతుంది, పచ్చదోమ ముసురుతుంది, గూడ రాలుతుంది, పంట ఆలస్యమై గులాబీ రంగు పురుగుకు దొరుకుతుంది. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలే. మన జేబు ఖాళీ అయ్యేది దాని వెనక కొనే పురుగు మందు డబ్బాలకు.

అయితే అమెరికా అంకెలు తెచ్చి మన బీటీ హైబ్రిడ్ల మీద రుద్దితే పనికిరావు. రేగడికి, చెల్కకు, వర్షాధారానికి వేరువేరుగా ఎంత ఉంటే చాలో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం మన చేలల్లోనే తేల్చాలి. కృషి విజ్ఞాన కేంద్రాల్లో పరీక్ష ఉచితంగా చేయాలి. నాలుగు రోజుల్లో ఫలితం రైతు వేదికకు రావాలి. పంట కోశాక వచ్చే కాగితం మాకొద్దు. పట్టా ఎవరి పేరున ఉన్నా, సాగు చేసే కౌలు రైతుకు కూడా పరీక్ష చేయాలి.

ఒక అనుమానం కూడా చెప్పుకోవాలి. రైతులు యూరియా ఎక్కువ వాడుతున్నారని సాకు చూపి సరఫరా కోయడానికి ఈ పరీక్షను వాడుకుంటే సంఘం ఊరుకోదు. అవసరం లేదని తేలిన చోట వేయం, ఉందని తేలిన చోట ఆ వారమే బస్తా దొరకాలి.

పరీక్ష వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఈసారి చేనులో నాలుగు సాళ్లకు సిఫారసు చేసిన మోతాదు మొత్తం వేసి గుర్తు పెట్టండి. తర్వాతి దఫాకు ముందు మిగతా చేనును వాటి పక్కన పెట్టి చూడండి. రంగులో, ఎత్తులో తేడా లేకపోతే ఆ దఫా తొందరపడకండి. ఏం కనబడిందో రాసుకుని మండల కమిటీకి ఇవ్వండి, కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రంలో ఆ వివరాలు కూడా పెడదాం.