నిరుద్యోగ పర్వం

ఉద్యోగమంటే అసలు అర్థం ప్రయత్నం. నెలజీతం అనే అర్థం దానికి తరవాత అతుక్కుంది. మహాభారతంలోని ఉద్యోగపర్వం కొలువుల కథ కాదు. ఇరుపక్షాలూ యుద్ధానికి సన్నద్ధమైన కథ. కనుక "ఉద్యోగం పురుషలక్షణం" అన్న సామెతకు కూడా పాటుపడమనే అర్థం చెప్పుకోవాలి. "ఉద్యోగం మానెయ్యండి, అపార్ట్‌మెంట్లలో డబ్బు పెట్టండి, మీరు నిద్రపోతున్నా రాబడి వస్తుంది" అని అమెరికా తెలుగువారి మధ్య ఏళ్ల తరబడి ఒక బోధ సాగుతోంది. ఆ బోధలోని ప్యాసివ్ ఇన్‌కం అనే మాటను తెలుగు చెయ్యవలసివస్తే "నిరుద్యోగ ఆదాయం" కన్నా తగిన మాట నాకు తోచడంలేదు. పాటు లేని రాబడి అన్నమాట.

నా వాదం ఒక్కటే. పాటు లేని రాబడి లోకంలో లేదు. ఒకరి పాటు మరొకరి రాబడి కావడం మాత్రం ఉంది. ఈ వ్యాపారంతో నిజంగా ఉద్యోగం మానగలిగినవాడు అద్దెల మీద మానడంలేదు, ఉద్యోగం మానలేనివాళ్ల జీతాల మీద మానుతున్నాడు.

ఈ బోధ కొత్తది కాదు. తీరికవేళల్లో స్థిరాస్తి మీద వెయ్యి డాలర్లను పదిలక్షలు చేసిన వైనాన్ని విలియం నికర్సన్ అనే ఆయన 1959లోనే పుస్తకంగా రాశాడు. (మనకు "అప్పుచేసి పప్పుకూడు" సినిమా వచ్చింది కూడా ఆ యేడే. మనకు వెక్కిరింత అయిన మాట అక్కడ ఉపదేశమయింది!) 1997లో కియోసాకి "రిచ్ డాడ్ పూర్ డాడ్" వచ్చాక, జీతం మీద బతికేవాడు తెలివితక్కువవాడన్న భావన మరింత బలపడింది. అయితే పాత బోధకూ నేటి బోధకూ మధ్య ఒక తేడా ఉంది. పాత ఇల్లు కొని, బాగుచేయించి, అద్దెకిచ్చి, లాభానికి అమ్మి మరొకటి కొనమన్నది పాత పద్ధతి. అలా చేసేవాడు ఒక పని మాని మరో పనిలో చేరుతున్నాడు. కారే కుళాయి, కట్టని అద్దె, పురపాలకసంఘం నోటీసు, అన్నీ అతని నెత్తినే. దాని మీద నాకే ఆక్షేపణా లేదు. నేటి బోధ అంతటితో ఆగడంలేదు. ఆ పని కూడా వద్దు, చెక్కు రాసిస్తే చాలునంటోంది. దాని పేరు సిండికేషన్.

దీని నడక తెలియనివారి కోసం నాలుగు మాటలు. స్పాన్సరు అనే వ్యక్తి డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో రెండువందల ఇళ్ల సముదాయం ఒకటి చూస్తాడు. కొనుగోలు ధరలో ముప్పాతిక భాగం అప్పు తెస్తాడు. మిగతాది నూరుమంది మదుపరుల దగ్గర సేకరిస్తాడు. పెత్తనమంతా స్పాన్సరుది. మదుపరి లిమిటెడ్ పార్ట్‌నరు, అంటే లాభనష్టాలలో వాటాయే గాని రోజువారీ నిర్ణయాలలో నోరు లేనివాడు. లెక్కలు చూస్తే గాని ఇందులోని కిటుకు బోధపడదు కాబట్టి ఒక ఊహా సముదాయాన్ని తీసుకుందాం. అంకెలు నావి, నడక మాత్రం ఆ వ్యాపారానిదే.

200 ఇళ్లు, ఇంటికి నెలకు 1100 డాలర్ల అద్దె. ఏడాదికి 26.4 లక్షల డాలర్లు వస్తుంది. ఖాళీలు, మరమ్మతులు, భీమా, ఆస్తిపన్ను, సిబ్బంది జీతాలు పోను 12 లక్షలు మిగిలిందనుకుందాం. ఇలాంటి కట్టడాలకు వెల కట్టేది ఇటుకలను బట్టి కాదు, ఈ మిగులును బట్టి. మిగులును ఒక శాతంతో భాగిస్తారు. దాన్ని క్యాప్ రేటంటారు. 4 శాతమైతే వెల 3 కోట్ల డాలర్లు. అందులో 2.25 కోట్లు అప్పు. నూరుమంది తలా లక్ష డాలర్లు వేసుకుంటే కోటి. ఆ కోటిలో 75 లక్షలు కొనుగోలుకు పోతుంది. సముదాయాన్ని వెతికిపెట్టినందుకు ధరలో 2 శాతం, అంటే 6 లక్షలు, స్పాన్సరు రుసుముగా తీసుకుంటాడు. మిగిలిన 19 లక్షలు మెరుగుల ఖర్చుకూ, కాగితాల ఖర్చుకూ.

2021లో కొన్నారనుకుందాం. అప్పు మీద వడ్డీ 3.5 శాతం. ఏడాదికి 7,87,500 డాలర్లు. నిర్వహణ పర్యవేక్షణకని స్పాన్సరు వసూలైన అద్దెలో మరో 2 శాతం, 52,800 డాలర్లు, ప్రతి ఏడూ తీసుకుంటాడు. ఇవి పోగా నూరుమందికీ మిగిలేది 3,59,700. తలా 3,597 డాలర్లు!

ఇప్పుడు ఉద్యోగం మానే సంగతి చూద్దాం. ఏడాదికి 1,20,000 డాలర్ల జీతాన్ని ఈ రాబడితో పూడ్చుకోవాలంటే ఇలాంటి వాటాలు ముప్పైమూడుకు పైగా ఉండాలి. అంటే 33 లక్షల పైచిలుకు డాలర్ల రొక్కం. అంత రొక్కం చేతిలో ఉన్నవాడికి ఉద్యోగం మానడానికి హ్యూస్టన్‌లో సముదాయం దేనికి? బ్యాంకు పొదుపు ఖాతా చాలు. మరి స్పాన్సరో? ఇలాంటివి ఐదు కొన్నాడంటే ప్రవేశరుసుములే 30 లక్షలు. ఆపైన ఏటా 2,64,000. అతను నిశ్చింతగా రాజీనామా చేసి, "చూశారా, నేను ఉద్యోగం మానేశాను" అని వేదికెక్కి చెప్పగలడు. ఆ మాటలో అబద్ధం ఒక్కటీ లేదు. అద్దెల వల్ల మానాడన్న సూచనే అబద్ధం.

ఈ అంకెలు ముందు పెడితే నాలుగు పూర్వపక్షాలు వినిపిస్తాయి. వరసగా చూద్దాం.

1. "అసలు లాభం అద్దెలో లేదు, అమ్మకంలో ఉంది." ఒప్పుకున్నాను. అయితే అమ్మకపు లాభం ఎక్కడనుంచి వస్తుంది? నేల మార్చి, వంటగదికి కొత్త బండ వేసి, అద్దె నెలకు 150 డాలర్లు పెంచుతారు. 200 ఇళ్ల మీద ఏడాదికి 3.6 లక్షలు. దాన్ని 4 శాతంతో భాగిస్తే 90 లక్షల "విలువ" పుట్టింది. ఏడాది అద్దెలో పెంచిన ఒక్కొక్క డాలరూ అమ్మకంలో ఇరవైఐదు డాలర్లవుతుంది. ఈ యంత్రానికి ఇంధనం ఆ 150 డాలర్లే. దాన్ని కట్టేదెవరు? ఇవి ఎక్కువగా 1970లు, 80లలో కట్టిన పాత సముదాయాలు. గోదాములో బరువులు మోసేవారు, ఆసుపత్రిలో రాత్రివంతు చేసే ఆయాలు, హోటలు వంటవారు ఉండే ఇళ్లు. నిన్నగాక మొన్న చదువుకోవడానికి విమానం దిగిన మన పిల్లలు నలుగురేసి సర్దుకునే ఇళ్లు కూడా ఇలాంటివే. టెక్సస్‌లో అద్దెల పెంపుకు ఊళ్లు విధించే కట్టడి లేదు. అద్దె కట్టనివారికి ఒప్పందంలో మరోలా రాసుకోకపోతే మూడురోజుల నోటీసు చాలు. మదుపరికి అందే కాగితం మీద మాత్రం ఇవేవీ కనబడవు. "వాల్యూ యాడ్" అని ఉంటుంది. నెలకు 150 డాలర్లు అదనంగా సంపాదించడానికి మరో పూట పనికి వెళ్ళే మనిషి ఉద్యోగమే మన నిరుద్యోగానికి మూలధనం.

2. "పన్ను ఆదా అవుతుంది." ఇది సగం నిజం. తరుగుదల పేరిట కాగితపు నష్టం చూపవచ్చు. కాని 1986 నాటి పన్ను సంస్కరణ ప్రకారం ఇలాంటి ప్యాసివ్ నష్టాలను జీతంలోంచి తగ్గించుకోవడం మామూలు మదుపరికి కుదరదు. అలా తగ్గించుకోవాలంటే స్థిరాస్తి వ్యాపారమే తన ప్రధానవృత్తి అని నిరూపించుకోవాలి. ఏడాదికి 750 గంటలకు మించి, తాను పనిచేసే కాలంలో సగానికి పైగా, దానికే వెచ్చించాలి. పగలంతా సాఫ్ట్‌వేరు పని చేసేవాడికి అది సాధ్యమా? సాధ్యమయితే అది ప్యాసివ్ ఎలా అవుతుంది?

3. "నష్టభయం లేదు, జనానికి ఇల్లు ఎప్పుడూ కావలసిందే." ఇల్లు కావలసిందే. అప్పు కథ వేరు. 2021, 22లలో కొన్న సముదాయాలలో చాలావాటికి తెచ్చింది మారే వడ్డీ మీద, రెండుమూడేళ్ల గడువు గల బ్రిడ్జి లోన్లు. 2022 మార్చి నుంచి 2023 జూలై లోపల అమెరికా కేంద్రబ్యాంకు పదకొండుసార్లు వడ్డీ పెంచింది. సున్నాకు అంటుకుని ఉన్న రేటు 5.25–5.50 శాతానికి చేరింది. మన ఊహా సముదాయానికి వడ్డీ 3.5 నుంచి 8.5 అయిందనుకోండి. ఏడాదికి 19 లక్షల పైచిలుకు కట్టాలి. మిగులు చూస్తే 12 లక్షలు. స్పాన్సరు సమర్థుడై దాన్ని 13.8 లక్షలకు పెంచినా వడ్డీకే చాలదు. వడ్డీ ఒక మేర దాటకుండా కొనుక్కున్న రక్షణ ఒప్పందానికి కూడా గడువుంటుంది. గడువు తీరాక మళ్లీ కొనబోతే దాని వెల ఆకాశానికి ఎక్కి ఉంది. క్యాప్ రేటు 4 నుంచి 5.5 అయితే, పెరిగిన మిగులుతో లెక్కగట్టినా 3 కోట్ల కట్టడం 2.5 కోట్లకు దిగుతుంది. అప్పు తీరిస్తే మదుపరుల కోటిలో మిగిలేది పాతిక లక్షలు. మిగులు పెరగలేదూ, కట్టడం వెల అప్పుకు కూడా చాలదు. ఇది ఊహ మాత్రమే కాదు. 2023 ఏప్రిల్‌లో హ్యూస్టన్‌లో ఒకే స్పాన్సరు చేతిలో ఉన్న నాలుగు సముదాయాలు, మూడువేల పైచిలుకు ఇళ్లు, అప్పిచ్చిన సంస్థ వశమయ్యాయి. అలాంటి చోట మదుపరి లక్షకు దిక్కు ఉండదు. దానికి ముందు మెట్టు క్యాపిటల్ కాల్. "మరికొంత వెయ్యండి, లేకపోతే మీ వాటా కరిగిపోతుంది" అని వేగు వస్తుంది. నిద్రలో రాబడి వస్తుందని వాటా కొన్నవాడికి నిద్రే కరవవుతుంది.

4. "అందరూ పెద్దవాళ్లే, తెలిసే పెట్టారు." ఇది అన్నిటికన్నా గట్టి వాదం, కనుక దీని దగ్గర కొంచెం ఆగుతాను. అమెరికా చట్టం ప్రకారం ఇలాంటి వాటాలను రెండు దారులలో అమ్మవచ్చు. బహిరంగంగా ప్రకటించి అమ్మాలంటే కొనేవాళ్లందరూ అక్రెడిటెడ్ అని సరిచూసుకోవాలి. అంటే ఏడాదికి 2 లక్షల డాలర్లు, దంపతులకైతే 3 లక్షలు దాటిన ఆదాయమో, ఉంటున్న ఇల్లు కాక 10 లక్షలు దాటిన ఆస్తో ఉండాలి. రెండో దారి 506(బి). అందులో ప్రకటన కూడదు. అక్రెడిటెడ్ కానివారిని కూడా 35 మంది దాకా చేర్చుకోవచ్చు. అయితే మదుపరులతో స్పాన్సరుకు ముందునుంచీ పరిచయం ఉండాలి.

పరిచయం! ఆ ఒక్క మాటలో మన సమాజం కథంతా ఉంది. ప్రకటనకు తావు లేనిచోట పరిచయమే ప్రకటన అవుతుంది. గుడిలో, క్రికెట్ మైదానంలో, పిల్లల కూచిపూడి తరగతి బయట వరండాలో, "మనవాడే కదా అన్నయ్యా" అన్న మాట దగ్గర పత్రం చదవడం ఆగిపోతుంది. చట్టం పరిచయాన్ని మదుపరికి రక్షణ అనుకుంది. మనవాళ్ల మధ్య అదే అతని బలహీనత. ముక్కూమొహం తెలియని దళారిని వంద ప్రశ్నలు అడిగేవాడు, ఊరివాణ్ణి అడగడానికి మొహమాటపడతాడు. అడిగితే అనుమానించినట్టు, అనుమానిస్తే అవమానించినట్టు. డబ్బు పోయాక కూడా నోరెత్తడు. ఎత్తితే రెండు కుటుంబాలకు మాటలుండవు. ఇక్కడ పోయేది లక్ష డాలర్లే కాదు. పరాయిదేశంలో ఆపదవేళ ఆదుకునే స్నేహం కూడా దానితోపాటే పోతుంది.

ఆ మదుపరి పరిస్థితి ఏమిటో కూడా గుర్తుచేసుకోండి. హెచ్-1బి వీసా మీద ఉన్నవాడు వాటా కొనవచ్చు, రాబడి తీసుకోవచ్చు. ఉద్యోగం మాత్రం మానలేడు. ఉద్యోగం పోతే, 2017 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, గరిష్ఠంగా 60 రోజులలో మరో కొలువో మరో దారో చూసుకోవాలి. గ్రీన్‌కార్డు వరసలో ఏళ్లూ పూళ్లూ నిలబడ్డ మనిషికి "ఉద్యోగం మానే స్వేచ్ఛ" అమ్మడమంటే, చెరలో ఉన్నవాడికి తీర్థయాత్ర టిక్కెట్టు అమ్మడమే. ఆ టిక్కెట్టు ఇంత బాగా అమ్ముడుపోవడానికి కారణం కూడా అదే. బయటికి వెళ్లలేనివాడికే బయటి బొమ్మ మీద మోజు. అతని భయాన్ని, అలసటను నేను వెక్కిరించడంలేదు. దాన్ని సరుకుగా చూసే కన్నునే తప్పుబడుతున్నాను.

స్థిరాస్తిలో మదుపు పెట్టడం పాపమని గాని, స్పాన్సర్లందరూ మోసగాళ్లని గాని నేననలేదు. స్థిరవడ్డీ మీద మితంగా అప్పు తెచ్చి, తన సొంత డబ్బు కూడా గణనీయంగా పెట్టి, రుసుముకన్నా ఫలితం మీద ఎక్కువ ఆధారపడేవారు లేకపోలేదు. వారిని తక్కినవారి నుంచి వేరుచేసి గుర్తించడానికి ప్రశ్నలే సాధనం. వడ్డీ స్థిరమా, మారేదా? గడువెన్నేళ్లు? నీ సొంత డబ్బెంత? మాకు నష్టం వచ్చినా నీకు వచ్చే రుసుమెంత? అమ్మేనాటికి క్యాప్ రేటు ఎంత ఉంటుందని లెక్క వేశావు? ఈ ఐదు ప్రశ్నలు అడిగితే చెడిపోయే స్నేహం, అడగకపోయినా ఏదో ఒకనాడు చెడేదే. ఇక ఆరో ప్రశ్న మనల్ని మనం వేసుకోవలసింది. నా రాబడి కోసం పాటుపడుతున్నదెవరు?

ఉద్యోగం నచ్చకపోతే మానండి. వేరే పని చెయ్యండి, చిన్న ఇల్లొకటి కొని దాని కుళాయిలు మీరే బాగుచేసుకోండి, ఖర్చు తగ్గించుకోండి, కాదంటే సగం జీతానికి మనసుకు నచ్చిన కొలువు చూసుకోండి. ఇవన్నీ గౌరవప్రదమైన దారులే, ఎందుకంటే వీటిలో మీ పాటు మీదే. కాని ఎవరి ఉద్యోగమూ లేకుండా మీ ఉద్యోగం పోతుందని చెప్పేవాడు కనిపిస్తే, అతను తన ఉద్యోగం ఎక్కడ పెట్టి వచ్చాడో ఒక్కసారి అడగండి. బహుశా మీ నెత్తినే పెట్టి ఉంటాడు.